ద్రాక్షతోట కథకు మేం తవ్విన గుంతలు

పోయినవాటి లెక్క ముందు చెప్తాను. కాపు మీదున్న ఖర్జూరపు చెట్లు పందొమ్మిది. వాటిలో రెండు కూలాయి, పదిహేడు నిలబడే ఎండిపోయాయి. కోతకు ముందే నేల రాలిన గెలలు పదకొండు వందల పైచిలుకు. నీళ్ల పైపు మూడు వందల నలభై మీటర్లు. మోటారు ఒకటి. వంగిపోయిన గడ్డపారలు మూడు. పక్క తోటవాళ్ల మేక ఒకటి. మా మేనేజర్ గారి కుడికాలి బూటు. ఎడమది ఆయన కాలికే మిగిలింది.

ఇన్నీ పోగొట్టింది ఒక కథ. గ్రీకు దేశంలో ఎప్పటిదో, ఇంగ్లీషులోకి ఎవరో మార్చింది. పేజీలో సగం కూడా నిండదు.

దుబాయ్ పోదామని పాస్‌పోర్టు పట్టుకుని తిరిగే తమ్ముళ్లకు అక్కడి ఎండ గురించి, ఏజెంట్ల గురించి చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. కథలు చెప్పే మేనేజర్ల గురించి ఎవరూ చెప్పరు. ఆ లోటు తీరుద్దామని ఇది రాస్తున్నాను.

నేను అల్ ఐన్‌లో ఒకే ఖర్జూర తోటలో పదమూడేళ్లు పనిచేసి వచ్చాను. పోయింది చెట్లెక్కడానికి. బడి తొమ్మిదితోనే ఆగింది కానీ లెక్క అంటే నాకు చిన్నప్పటి నుంచీ దురద లాంటిది. ఏ చెట్టుకు ఎన్ని గెలలు, ఏ వరసకు ఎంతసేపు నీళ్లు, ఎవరూ అడక్కుండానే లెక్కపెట్టి చెప్పేవాణ్ని. విని విని విసిగిపోయిన కఫీల్, అంటే తోట యజమాని, నన్ను చెట్టు దించి స్టోరులో కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి అందరికీ నేను మున్షీని.

తోటలో పదహారు వరసలు, ఆరు వందల నలభై చెట్లు. పనివాళ్లం పద్నాలుగు మంది. తొమ్మిదిమందిమి కరీంనగర్, నిజామాబాద్ పల్లెల వాళ్లం, మిగతా ఐదుగురు బంగ్లాదేశ్ వాళ్లు. మాలోనే ఒకడు మా అందరి మీదా మేస్త్రి, జగిత్యాల దగ్గరి మనిషి. చెట్టును తట్టి చూసి దాని సంగతి చెప్పేవాడు. తన ఇంటి సంగతి మాత్రం ఫోన్‌లో చూసి తెలుసుకోవాల్సి వచ్చేది. ఎందుకంటే ఆయన ఊళ్లో ఇల్లు కట్టాడు, పునాది నుంచి స్లాబు దాకా అంతా వీడియోలోనే. ఒక్కసారి గడప దాటింది లేదు. ముందు కరోనా వచ్చి విమానాలు ఆగాయి, గృహప్రవేశానికి పెట్టిన మొదటి ముహూర్తం పోయింది. తర్వాత పెద్ద కఫీల్ చనిపోయాడు, కాగితాల మీద సంతకం పెట్టేవాడు లేక రెండోదీ పోయింది. మొగుడు వచ్చేదాకా పాలు పొంగించనని ఆయన భార్య పక్కింట్లో కిరాయికి ఉంటోంది. 2022లో శ్రావణంలో మూడో ముహూర్తం పెట్టించారు. ఛుట్టీ మంజూరైంది, టికెట్ వచ్చింది. ఆమె ఫోన్‌లో తేల్చి చెప్పింది. నేను పక్కనే ఉండి విన్నాను.

"ఈసారి గూడ రాకుంటే చూడు, ఆ ఇంట్ల వడ్లు పోస్త. గోదామని బోర్డు గూడ రాయిస్త."

మేస్త్రి నవ్వాడు కానీ, ఆ పూట అన్నం సగం వదిలేశాడు.

పోయిన పెద్ద కఫీల్ గురించి ఒక మాట చెప్పాలి. రోజూ సాయంత్రం చేతికర్ర పట్టుకుని తోటంతా తిరిగేవాడు. కొన్ని చెట్ల దగ్గర ఆగి, కర్రతో నేలను రెండుసార్లు కొట్టి, కాసేపు నిలబడి ముందుకు పోయేవాడు. ఎందుకని మేం అడగలేదు. కఫీల్‌ను ఎందుకని అడిగే అలవాటు మాకు లేదు.

ఆయనకు ముగ్గురు కొడుకులు. అబూధాబీలో ఉద్యోగాలు. తోట చూసుకోవడానికి ఒక ముదీర్‌ను పెట్టారు. ముదీర్ అంటే మేనేజర్. మనవాడే, కృష్ణా జిల్లా వైపు మనిషి. దుబాయ్‌లో ఏదో పెద్ద ఆఫీసులో పనిచేసి, కరోనాలో ఆ ఉద్యోగం పోయి ఇక్కడికి వచ్చాడు. ఖర్జూరం పెట్టెలో తప్ప చెట్టు మీద చూడటం అదే మొదలు. అయినా మంచివాడు. తిట్టడు, జీతం ఆపడు. ఒక్కటే జబ్బు, మాకు ఉత్సాహం తక్కువని ఆయన నమ్మకం. నలభై ఎనిమిది డిగ్రీల ఎండలో ముప్పై అడుగుల చెట్టెక్కి గెల కట్టేవాడికి ఉత్సాహం ఎక్కడ తగ్గిందో ఆయన చెప్పలేదు గానీ, దాన్ని పెంచడానికి మాత్రం ప్రతి శనివారం పొద్దున్నే మమ్మల్ని స్టోరు ముందు నిలబెట్టేవాడు. మొదటి వారం చప్పట్లు కొట్టించాడు. రెండో వారం "యల్లా టీమ్", అంటే పదండి టీమ్, అని అరిపించాడు. మోటారు చూసుకునే ముసలాయన ఒకడు ఉండేవాడు, మేమందరం మామా అని పిలిచేవాళ్లం. ఆయన అరవకుండా నోరు మాత్రం తెరిచేవాడు. "ఉత్త గాలే పోనిస్తున్న. గొంతు మోటారు కాడ గావాలె" అనేవాడు.

మూడో వారం ముదీర్ ఒక కాగితం తెచ్చాడు.

"ఇది గ్రీకు కథ. వేల ఏళ్ల నాటిది. ఇంగ్లీషు అనువాదం నెట్‌లో దొరికింది" అని, ముందు ఇంగ్లీషులోనే చదివాడు. తెలుగువాళ్లం, బంగ్లావాళ్లం సమానంగా తల ఊపాం. తర్వాత తెలుగులో చెప్పి, మళ్లీ హిందీలో చెప్పాడు.

"ఒక రైతు ఉన్నాడండీ. ముసలివాడైపోయాడు. ఆయనకో ద్రాక్షతోట. ప్రాణం పోయేముందు కొడుకుల్ని పిలిచాడు. 'నాయనలారా, నేను వెళ్లిపోతున్నాను. మన తోటలో ఒక నిధి ఉంది. తవ్వి తీసుకోండి' అన్నాడు. కన్ను మూశాడు."

అక్కడ ఆపి కాగితం మడిచాడు.

"తర్వాతేమైంది సార్?" అన్నాడు మేస్త్రి.

ముదీర్ ముఖం వెలిగిపోయింది. "చూశారా! అదీ ఉత్సాహమంటే. ఒకేసారి చెప్పేస్తే మజా ఏముంది? మిగతాది భాగాలు భాగాలుగా చెప్తాను. ఇవాళ్టి నుంచి ప్రతి చెట్టు మొదట్లో తవ్వి మట్టి గుల్ల చేయండి. ఎంత తవ్వితే అంత మంచిది."

చెట్టు మొదట్లో మట్టి గుల్ల చేయడం చలికాలపు పని. కాపు మీదున్న చెట్టు వేళ్ల జోలికి ఎండాకాలంలో ఎవరూ పోరు. మామూలు రోజైతే ఆ మాట మేస్త్రే అనేవాడు. ఆ రోజు అనలేదు. ఆయన బుర్ర అప్పటికే వేరే చోట తవ్వుతోంది.

మధ్యాహ్నం బువ్వ దగ్గర విషయం బయటపడింది.

"మన పెద్ద కఫీల్ పోయిండు. కొడుకులు ముగ్గురు. తోట ఉన్నది. ఇంకేం సాక్ష్యం గావాలె?" అన్నాడు మేస్త్రి.

"అది గ్రీకోళ్ల ముచ్చటనే" అన్నాను.

"మున్షీ, నువ్వు లెక్కలల్ల హుషారు, లోకంల గాదు. సీదా చెప్తే సారు కొలువు ఉంటదా? అందుకే గ్రీకోళ్ల మీద పెట్టి చెప్పిండు. కర్రతోని కొట్టి కొట్టి చూస్తుండె పెద్దాయన, యాదికున్నదా? ఊకె కొడ్తడా ఎవడన్న?"

మోటారు మామ చేయి కడుక్కుంటూ అన్నాడు: "ఉంటే కొడుకులే తవ్వుకుందురు గదరా. మనకెందుకు చెప్తరు?"

"వాళ్లు ఎండల దిగుతరా మామా? పుట్టి బుద్ధెరిగి పార పట్టిండ్రా?"

మామ చేయి తుడుచుకుని మోటారు వైపు పోయాడు.

మేస్త్రి ఊళ్లో పాత దొరల గడీ గోడ ఒకటి ఉందట. దాని కింద లంకెబిందెలున్నాయని మూడు తరాలుగా తవ్వుతున్నారు. దొరికింది ఒక పోలీసు కేసు. "దొరకలే. అంటే లెవ్వని గాదు" అంటాడు. ఇలాంటి నమ్మకం ముందు ఏ మున్షీ నిలబడగలడు?

పాళ్ల దగ్గర కొంచెం చర్చ జరిగింది. పద్నాలుగు పాళ్లే అని ఒకరు, పదిహేను అని మేస్త్రి.

"సారుకు ఒక పాలు ఇయ్యాలె. జాడ చెప్పినోనికి ఎగ్గొడితే బిందెలున్నదంతా బొగ్గయితది."

సరే, పదిహేను. ఒక బిందె నిండా బంగారమైతే ఆనాటి ధరకు తలా ఎంత వస్తుందో నేను గుణించాను. నమ్మి కాదు, ఎదురుగా లెక్క కనిపిస్తే నా చేయి ఊరుకోదు. తీరా జవాబు వచ్చాక, అంత పెద్ద సంఖ్యను అబద్ధమని కొట్టేయడానికి మనసొప్పలేదు.

"ఒక్కటంటే ఒక్క బిందె దొరికితే ఛుట్టీ లేదు ఏం లేదు. ఖలాస్. పాలు పొంగించి ఆడనే కూసుంట" అన్నాడు మేస్త్రి.

ఎక్కడ తవ్వాలి? పెద్దాయన కర్రతో కొట్టిన చెట్ల దగ్గర. ఏవి ఆ చెట్లు? ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తుంది. ఎవరి గుర్తును కాదన్నా గొడవే. పద్నాలుగు మంది జ్ఞాపకాలు కలిపితే రెండు వందల ఇరవై ఆరు చెట్లు తేలాయి. పెద్దాయన బతికుండగా తిరిగింది ఎంతైనా, పోయాక మా తలల్లో తిరిగింది ఎక్కువ.

జానెడు లోతు చాలే పనికి మేం నడుం లోతు దిగాం. చెట్టెక్కడానికి పొద్దున్నే నడుం నొప్పి అనేవాళ్లు ముందుగా వచ్చి పార పట్టుకుంటున్నారు. ముదీర్ ఆనందానికి హద్దు లేదు. రోజూ ఫోటోలు తీసి ముగ్గురు కొడుకులకూ పంపేవాడు. ఒక రోజు గుంత గట్టున నిలబడి లోపలికి తొంగిచూశాడు. లోపల మేస్త్రి తలా భుజాలూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఇంత లోతెందుకయ్యా?"

"మీరే అన్నరు గద సార్, ఎంత తవ్వితే అంత మంచిదని" అని మేస్త్రి పైకి చూసి కన్ను కొట్టాడు.

ముదీర్‌కు అది దేనికో అర్థం కాలేదు. కానీ పనివాళ్లతో కలిసిపోవాలని ఆయనకు ఎక్కడో నేర్పినట్టున్నారు. ఆయనా కన్ను కొట్టాడు. 

సాయంత్రానికల్లా ఆ కన్ను కొట్టిన సంగతి పదహారు వరసలూ పాకింది. ఇక రుజువులు అడిగేవాడు లేడు. ఆఖరికి మోటారు మామ కూడా ఒక గడ్డపార సొంతం చేసుకున్నాడు.

పక్క తోట మేక ఒకటి గుంతలో పడి కాళ్లు విరగ్గొట్టుకుంది. దాని కాపరి వచ్చి కాసేపు అరిచి, ఇక అది బతకదని తానే కోసి, సగం మాకు ఇచ్చిపోయాడు. మొత్తం తవ్వకంలో మాకు దక్కిన నిధి అదే.

మా ఉత్సాహం చూసి ముదీర్ ఉండబట్టలేక రెండో భాగం తొందరగానే వదిలాడు. "కొడుకులు పారలూ గునపాలూ పట్టుకుని తోటలో దిగారు. ఒక్క మూల వదల్లేదు. నేల మొత్తం తిరగేశారు." మళ్లీ కాగితం మడిచాడు.

"దొరికిందా సార్?"

"తవ్వండి, తవ్వండి! తవ్వినవాడికే తెలుస్తుంది."

బంగ్లావాళ్లు అప్పటిదాకా మాతోపాటు నవ్వుకుంటూ తవ్వేవాళ్లు. ఆ పూట నుంచి నవ్వడం మానేశారు.

జులైలో ఒక సాయంత్రం, తొమ్మిదో వరసలో గడ్డపార దేనికో తగిలి ఠంగుమంది. ఇనుము మోగిన చప్పుడు. ఎక్కడివాళ్లు అక్కడ పని వదిలేసి పరుగెత్తాం. మోటారు మామ కూడా, నడుస్తున్న మోటారును దాని మానానికి వదిలేసి వచ్చాడు. మేస్త్రి గుంతలో దిగి, అందరినీ వెనక్కి జరగమని, కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుని, రెండో దెబ్బ తనే వేశాడు.

అది తోట మొత్తానికీ నీళ్లు తెచ్చే పెద్ద పైపు.

నీళ్లు మనిషెత్తు లేచాయి. మేస్త్రి గుంతలోంచి తేలుతూ వచ్చాడు. చప్పుడు విని ముదీర్ పరుగున వచ్చి బురదలో దిగబడ్డాడు. ఆయన్ను లాగాం, బూటు రాలేదు. ఈ సందడిలో ట్యాంకు ఖాళీ అయి, మోటారు నీళ్లు లేకుండా తిరిగి తిరిగి కాలిపోయింది. మామ దాని దగ్గరికి చేరేసరికి పొగ మాత్రమే ఉంది. తవ్వకాల్లో సన్న పైపులు అంతకుముందే ఎన్నో తెగాయి. మేమే గుడ్డలు చుట్టి దాచిపెట్టాం. కొత్త మోటారు దుబాయ్ నుంచి రావడానికి మూడు రోజులు పట్టింది. వేళ్లు తెగిన చెట్లకు ఆ ఎండలో మూడు రోజులు చాలా ఎక్కువ. పచ్చి కాయలతో గెలలు టపటపా రాలాయి. రెండు వైపులా తవ్విన రెండు చెట్లు, ఎవరూ ముట్టుకోకుండానే, ఒకదాని మీద ఒకటి ఒరిగి పడ్డాయి.

పెద్ద కొడుకు వచ్చాడు. తోటంతా నడిచి చూసి, స్టోరు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మేం వరసగా నిలబడ్డాం. హిందీ బాగా మాట్లాడతాడు. అరవలేదు. అందుకే భయమేసింది.

"ఎవరు తవ్వమన్నారు?"

"కొంచెం గుల్ల చేయమన్నాను సార్" అన్నాడు ముదీర్. "పని మీద ఇష్టం పెరగాలని ఒక కథ చెప్పాను. వీళ్లకు చదువు లేదు. కథలో నీతి అర్థం చేసుకోలేకపోయారు."

"నీతి మాకు చెప్పనే లేదు గద సార్" అన్నాడు మేస్త్రి. "ఇంకో భాగం ఉన్నదన్నరు. ఇప్పుడన్న చెప్పుండ్రి."

పెద్ద కొడుకు చెప్పమన్నట్టు చేయి ఊపాడు. ముదీర్ జేబులోంచి కాగితం తీశాడు. చెమటకు తడిసి ఉంది.

"ఎంత తవ్వినా కొడుకులకు నిధి దొరకలేదు. కానీ అంత బాగా తవ్వారు కాబట్టి ఆ ఏడు ద్రాక్ష విరగకాసింది. ఆ పంటే నిధి. కష్టమే నిధి. అదీ నీతి."

"గంతేనా?" అన్నాడు మేస్త్రి. తర్వాత మెల్లగా, "మరి సచ్చిపోయేటోడు కన్నకొడుకులకు అబద్ధమెందుకు చెప్పిండు సార్? 'బిడ్డా, తోట మంచిగ దున్నుకోండ్రి' అంటే అయిపోవు గద."

ముదీర్ కాగితంలో వెతికాడు. వెనక వైపు కూడా తిప్పి చూశాడు.

"ఆ తోటలో ఏం పంట అన్నావు?" అని అడిగాడు పెద్ద కొడుకు.

"ద్రాక్ష సార్."

"ఇదేం తోట?"

ముదీర్ బూట్ల వైపు చూసుకున్నాడు. కొత్త జత.

మేస్త్రి ఉండబట్టలేక, పెద్దాయన కర్రతో నేలను కొట్టే సంగతి కూడా అడిగేశాడు. పెద్ద కొడుకు అప్పుడు మొదటిసారి నవ్వాడు. "మా నాన్నకు మోకాళ్ల నొప్పులు. నొప్పి వస్తే ఆగేవాడు, కోపం వస్తే కర్రతో కొట్టేవాడు. ఆయన పాతిపెట్టి పోయింది నిధి కాదు, బ్యాంకు అప్పు. అది ఎవరూ తవ్వకుండానే పైకి వస్తోంది."

లేచి వెళ్తూ తీర్పు చెప్పాడు. తవ్విన గుంతలన్నీ పూడ్చేదాకా ఎవరికీ ఛుట్టీ లేదు. అన్నీ పూడ్చారని ముదీర్ చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం చూశాకే ఎవరి పాస్‌పోర్టైనా చేతికిస్తాడు.

మా పదమూడు మందికి అది మామూలు శిక్ష. మేస్త్రికి మాత్రం ముహూర్తం. శ్రావణం మొదలవబోతోంది. ఊళ్లో పందిరి గుంజలు తెచ్చేశారట. ఆ సాయంత్రం భార్య ఫోన్ చేస్తే ఎత్తలేదు. "ఏమని చెప్పాలె మున్షీ? పైపు నేనే పలగ్గొట్టిన్నని చెప్పాల్నా, గ్రీకోళ్లు ఆగం జేసిండ్రని చెప్పాల్నా?"

తవ్వేటప్పుడు తెలియని సంగతి ఒకటి పూడ్చేటప్పుడు తెలిసింది. గట్టున పోసిన ఇసుకలో సగాన్ని గాలి ఎప్పుడో తీసుకుపోయింది. ఇప్పుడు తోట అంచు నుంచి బండ్లతో తోసుకురావాలి. పొద్దు పొడవక ముందు మొదలుపెట్టి, ఎండలో ఆగి, మళ్లీ సాయంత్రం. ఛుట్టీ తమది కాకపోయినా ఒక్కడూ పని ఎగ్గొట్టలేదు. మోటారు మామ సణుగుతూనే బండి తోశాడు. "నిధి పాళ్లు పదిహేనన్నరు. పూడ్చుడు పాళ్లు పద్నాలుగేనా? సారు పాలేది?"

సారు పాలు ఏసీ గదిలో ఉంది. అయినా, దారి పక్క వరసల నుంచి పూడ్చుకుంటూ వచ్చాం. విమానం రేపనగా నూట ఎనభై ఎనిమిది పూడ్చాం. మిగిలినవన్నీ చివరి నాలుగు వరసల్లో, గాలికి అడ్డంగా పెంచిన చెట్ల వెనక ఉన్నాయి.

ముదీర్ కారులో తనిఖీకి వచ్చాడు. నన్నూ ఎక్కమన్నాడు, వెనక సీట్లో కూర్చున్నాను. మేస్త్రి కిటికీ దగ్గరికి వచ్చి, "దిగి చూడుండ్రి సార్" అన్నాడు.

ముదీర్ అద్దం నాలుగు వేళ్లంత దించాడు. అంత సందులోంచే వడగాలి లోపలికి కొట్టింది. వెంటనే ఎత్తేశాడు. "దిగడమెందుకయ్యా, మీ మీద నాకు నమ్మకం ఉంది" అని లోపల్నుంచే అన్నాడు. కారు బాట వెంట మెల్లగా పన్నెండో వరస దాకా పోయి, అక్కడ బాట అయిపోతే వెనక్కి తిరిగింది. "బ్రహ్మాండంగా చేశారు మున్షీ గారూ, చూశారా, టీమ్ వర్క్!" అంటూ స్టీరింగు మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు.

ఎన్ని పూడ్చారని నన్ను అడగలేదు. అడక్కుండానే లెక్క చెప్పే నేను పదమూడేళ్లలో నోరు మూసుకున్నది ఆ ఒక్క పూటే.

మేస్త్రి వెళ్లాడు. పాలు పొంగించిన వీడియో మాకు వచ్చింది. కొత్త ఇంటి మధ్యలో నిలబడి, తన ఇంట్లో తానే దారి తప్పినవాడిలా, గోడలు తట్టి చూసుకుంటున్నాడు. భార్య వెనక నుంచి అరుస్తోంది: "గోడ తట్టుడు తర్వాత, గిన్నె మాడుతాంది, దించు!" రెండు నెలలుండి తిరిగొచ్చాడు. బిందె దొరకనివాడు తిరిగి రాక ఏం చేస్తాడు?

ముదీర్ ఆ ఏడాది చివర దుబాయ్‌లో ఇంకా పెద్ద ఉద్యోగానికి వెళ్లాడు. పనివాళ్లలో ఉత్సాహం ఎలా పెంచాలో అక్కడివాళ్లకు నేర్పుతున్నాడట. మేం తవ్వుతున్న ఫోటోలే చూపిస్తాడని విన్నాను. పైపు ఫోటో ఉండదనుకుంటాను.

నేను మరుసటి ఏడు పని మానేసి వచ్చేశాను. మేస్త్రి ఇంకా అక్కడే ఉన్నాడు. మొన్న ఫోన్‌లో, ఆ చివరి వరసల సంగతి ఏమైందని అడిగాను.

"గాలే నింపుతది మున్షీ. మనకేం తొందర?"

గాలి నింపినదాన్ని మా పేరు మీద జమ వేసుకోవడం లెక్క తెలిసినవాడు చేసే పని కాదు. ఆ తోటకు మేం ఈనాటికీ బాకీ: ముప్పై ఎనిమిది గుంతలు.